మొబీల్ మార్డి గ్రా: ఒకే ఊరికి ఇద్దరు రాజులు, ఇద్దరు రాణులు (ఈ నెల డాక్యుమెంటరీ చర్చ)

పాతరీలు | శనివారం, ఉదయం 9:10

ఈసారి చర్చకు నేను ఎంచుకున్నది ‘ది ఆర్డర్ ఆఫ్ మిత్స్’. మార్గరెట్ బ్రౌన్ తీసిన ఈ డాక్యుమెంటరీ 2008లో వచ్చింది, తర్వాత అమెరికా ప్రజా టీవీ పీబీఎస్‌లో ‘ఇండిపెండెంట్ లెన్స్’ వరుసలో టీవీకి ఎక్కింది. చూడనివాళ్ల కోసం కథ చెప్పేస్తున్నాను. దాచిపెట్టవలసిన మలుపులు ఇందులో పెద్దగా లేవు, ఒక్కటి తప్ప. దాన్నీ చెప్పేస్తాను, లేకపోతే చర్చే సాగదు.

అలబామా రాష్ట్రంలో మొబీల్ అనే రేవుపట్నం ఉంది. మార్డి గ్రా, అంటే క్రైస్తవుల లెంట్ ఉపవాసాలకు ముందు జరిపే పండుగ, అనగానే లోకమంతా న్యూ ఆర్లీన్స్ పేరు చెబుతుంది. మొబీల్ వాళ్లు మాత్రం ఒప్పుకోరు, 1703లోనే ఫ్రెంచివాళ్లు ఈ పండుగ తమ దగ్గర మొదలుపెట్టారంటారు. శకటాలు, ముసుగుల్లో సభ్యులు, జనం మీదికి విసిరే పూసల దండలు, మూన్ పై బిస్కట్లు... వీధుల్లో సందడికి లోటు లేదు. అయితే ఈ ఊళ్లో పండుగకు రాజులు ఇద్దరు, రాణులూ ఇద్దరే. తెల్లజాతి వారి ‘మొబీల్ కార్నివాల్ అసోసియేషన్’ ఒక జంటకు పట్టం కడుతుంది. 1938లో ‘కలర్డ్ కార్నివాల్ అసోసియేషన్’గా మొదలై, ఇప్పుడు ‘మొబీల్ ఏరియా మార్డి గ్రా అసోసియేషన్’గా ఉన్న నల్లజాతి వారి సంఘం మరో జంటకు కడుతుంది. పొడి అక్షరాల్లో ఎంసీఏ, మామ్గా. వేరు పట్టాభిషేకాలు, వేరు ఊరేగింపులు, వేరు విందులు.

2007 వేడుకల్లో కెమెరా రెండు వైపులా తిరిగింది. తెల్లవారి రాణి పాత సంపన్న కుటుంబపు అమ్మాయి. నల్లవారి రాణి, రాజు ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పుకునే టీచర్లు. రాణి భుజాల నుంచి నేల మీద పరుచుకునే ఆ రాళ్లు కుట్టిన వస్త్రాల ఖర్చు ఎవరికి ఎంత బరువో విడిగా చెప్పక్కర్లేదు.

ఇక ఆ మలుపు. బానిసల దిగుమతిని అమెరికా 1808 నుంచి నిషేధించింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దం గడిచాక, 1860లో, టిమొతి మేహెర్ అనే మొబీల్ ధనికుడు పందెం కాసి మరీ ‘క్లోటిల్డా’ అనే ఓడను ఆఫ్రికాకు పంపించాడు. దహోమీ రాజ్యం నుంచి సుమారు 110 మందిని అందులో తెచ్చారు. సాక్ష్యం మిగలకూడదని ఓడను తగలబెట్టారు. 2007లో ఎంసీఏ రాణి ఆ మేహెర్ వంశానికి చెందినది. మామ్గా రాణి కుటుంబానికి మూలాలు ఆ ఓడలో వచ్చినవారిలో ఉన్నాయి.

నా ప్రశ్న ఒక్కటే. సినిమాలో అరిచేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు. అందరూ మర్యాదస్తులే. అది ఈ సినిమా బలమా, లోపమా?

కృష్ణాతీరం | శనివారం, ఉదయం 10:02

ముందు నాకు చట్టం సంగతి తెలియాలి. జాతి వివక్ష కూడదని 1964లోనే చట్టం వచ్చింది కదా. మరి 2007లో ఒక ఊరు రెండు రాజరికాలు ఎలా నడుపుకుంటోంది? ఎవరూ కోర్టుకు వెళ్లలేదా?

నల్లకోటు | శనివారం, ఉదయం 11:25

కృష్ణాతీరం గారూ, 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లకు, భోజనశాలలకు, సినిమా హాళ్లకు వర్తిస్తుంది. ప్రైవేటు క్లబ్బులను మాత్రం అదే చట్టం మినహాయించింది. ఈ ముసుగు సంఘాలన్నీ ప్రైవేటువే. సభ్యత్వానికి దరఖాస్తు ఉండదు, పిలుపు ఉంటుంది. పిలవకపోవడాన్ని నేరమని నిరూపించడం కష్టం.

కానీ ఊరేగింపు సాగేది ప్రజల వీధిలో, పోలీసుల బందోబస్తుతో. తెల్లారాక చెత్త ఎత్తేది మునిసిపాలిటీ. న్యూ ఆర్లీన్స్ సరిగ్గా ఈ కొసను పట్టుకుంది. నగర మండలి సభ్యురాలు డొరొతీ మే టేలర్ 1991లో ఒక ఆర్డినెన్సు తెచ్చారు. ఊరేగింపు అనుమతి కావాలంటే సంఘం వివక్ష చూపకూడదు. కోమస్, మోమస్ అనే పాత సంఘాలు సభ్యత్వ నియమాలు మార్చుకోవడానికి ఇష్టపడక ఊరేగింపులే మానుకున్నాయి. ప్రోటియస్ కూడా తప్పుకుని 2000లో తిరిగి వీధిలోకి వచ్చింది. ఆ ఊరి పండుగకు రాజును నిలబెట్టే రెక్స్ సంఘం మాత్రం షరతుకు తలొగ్గి కొనసాగింది. కోమస్ 1857లో తొలిసారి ఊరేగింది. దాన్ని మొదలుపెట్టినవాళ్లు ఎక్కడివాళ్లనుకున్నారు? మొబీల్ నుంచి వెళ్లిన వ్యాపారులు.

రమణి టీచరు | శనివారం, మధ్యాహ్నం 2:40

నల్లకోటు గారు చెప్పిన ‘ప్రైవేటు’ అన్న మాట బళ్లలో ఎలా పనిచేసిందో చూడాలంటే ‘ప్రామ్ నైట్ ఇన్ మిసిసిపీ’ చూడండి. పాల్ సాల్ట్‌జ్‌మన్ తీశారు, 2009లో హెచ్‌బీవో ప్రసారం చేసింది.

మిసిసిపీ రాష్ట్రంలో చార్ల్స్‌టన్ అనే చిన్న ఊరు. అక్కడి హైస్కూలులో 1970 నుంచి తెల్ల, నల్ల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటున్నారు. చివరి ఏడాది జరిపే నాట్యవిందు, అంటే ప్రామ్, మాత్రం రెండు. అమెరికా దక్షిణాదిలో చాలా ఊళ్లలో ఇదే పద్ధతి నడిచింది. బళ్లను కలపాల్సిందేనని కోర్టులు పట్టుబట్టినప్పుడు స్కూళ్లు ప్రామ్ నిర్వహణ నుంచి చల్లగా తప్పుకున్నాయి. తల్లిదండ్రులు హాలు అద్దెకు తీసుకుని ఎవరి పిల్లలకు వాళ్లు జరిపించుకున్నారు. బడికి సంబంధం లేదు కాబట్టి కోర్టుకు పని లేదు.

ఆ ఊళ్లో పెరిగిన నటుడు మోర్గన్ ఫ్రీమన్, కలిపి జరిపితే ఖర్చంతా నేనే పెట్టుకుంటానని 1997లో చెప్పారు. ఒప్పుకోలేదు. 2008లో మళ్లీ అడిగారు. ఈసారి ఒప్పుకున్నారు. ఏర్పాట్లు పిల్లలే చేసుకున్నారు. అయినా కొందరు తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లలకు విడిగా మరో ప్రామ్ పెట్టారు, అక్కడికి కెమెరాను రానివ్వలేదు.

నాకు గుర్తుండిపోయింది ఒక తండ్రి. ఆయన కూతురు నల్లజాతి అబ్బాయిని ప్రేమించింది. తనకు ఇష్టం లేదని ఆయన కెమెరా ముందే చెబుతాడు, కూతురిని వదులుకోలేనని కూడా అంటాడు. ఇంకో తెల్ల విద్యార్థి ముఖం చూపించకుండా మాట్లాడతాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు తన స్నేహితుల గురించి మంచి మాట చెప్పడానికి ముఖం దాచుకోవాలి. టీచరుగా నేను చూడలేకపోయింది అదే.

ఆ చార్ల్స్‌టన్ ఉన్నది టాలహాచీ కౌంటీలో. 1955లో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుడి హంతకులను జ్యూరీ నిర్దోషులని వదిలేసింది ఆ కౌంటీలోని సమ్నర్ కోర్టులోనే.

ఎర్రమట్టి | శనివారం, సాయంత్రం 6:15

అందరూ ఒకే వైపు లాగుతున్నారు కాబట్టి నేను రెండో వైపు లాగుతాను.

మొబీల్ సినిమాలో నల్లవాళ్లు కూడా మా పండుగ మాకుంది, బాగుంది అనే ధోరణిలోనే ఉన్నారు. వాళ్ల సంఘానికి దశాబ్దాల చరిత్ర ఉంది, వాళ్ల రాజు, వాళ్ల రాణి, వాళ్ల వీధి. కలిపేస్తే మిగిలేది తెల్లవాళ్ల పండుగే, అందులో వీళ్లకు ఒక మూల కుర్చీ. విడిగా ఉన్నదంతా వివక్షేనా? బయటి నుంచి వెళ్లిన సినిమావాళ్లకు ఏ ఆచారమైనా నేరంలాగే కనిపిస్తుంది.

బిళ్లగన్నేరు | శనివారం, రాత్రి 8:50

ఎర్రమట్టి గారూ, రెండు విషయాలు కలిపేశారు. నల్లవారు తమ పండుగను ప్రేమించడం నిజం. అది ఎందుకు మొదలైందన్నది వేరే నిజం. పెద్ద పండుగలోకి రానివ్వలేదు కాబట్టి తమది తాము కట్టుకున్నారు. కట్టుకున్నదాన్ని అందంగా కట్టుకున్నారు. ఆ అందాన్ని చూపించి గోడకు సాక్ష్యం చెప్పించకూడదు.

న్యూ ఆర్లీన్స్‌లో ‘జులు’ సంఘాన్ని చూడండి. 1909లో మొదలైంది. నల్లజాతి వారే ముఖానికి నల్లరంగు పూసుకుని, గడ్డి లంగాలు కట్టుకుని, కొబ్బరికాయలు పంచుతూ ఊరేగుతారు. రెక్స్ రాజరికాన్ని వీధి మధ్యలో వెక్కిరించడం అది. 1949లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ జులు రాజుగా ఊరేగాడు. పౌరహక్కుల ఉద్యమ కాలంలో ఆ వేషం మనల్ని మనమే కించపరచుకోవడమని నల్లజాతి వారే ఎదురు తిరిగారు, సంఘం దాదాపు మూతపడే స్థితికి వచ్చి నిలదొక్కుకుంది. అంటే ఆ సంప్రదాయం లోపలే ఇంత తగాదా ఉంది. రాయిస్ ఆస్బర్న్ ‘ఆల్ ఆన్ ఎ మార్డి గ్రా డే’లో నల్లజాతి మార్డి గ్రా చరిత్రను ఊరి మనిషిగా చెప్పుకొచ్చాడు. బయటివాళ్ల చూపు అన్న మీ ఫిర్యాదు అక్కడ చెల్లదు.

మొబీల్‌కూ చెల్లదు. మార్గరెట్ బ్రౌన్ ఆ ఊరి అమ్మాయే.

మూడోకన్ను | శనివారం, రాత్రి 10:30

బిళ్లగన్నేరు గారి చివరి వాక్యం దగ్గరే సినిమా గుట్టంతా ఉంది. బ్రౌన్ కుటుంబం ఆ తెల్ల సంఘాల లోపలిది. వాళ్ల తాతగారు సినిమాలో కనిపిస్తారు. ముసుగు సంఘాల విందుల్లోకి, దుస్తులు కుట్టే గదుల్లోకి కెమెరా వెళ్లగలిగిందంటే ఆ బంధుత్వం వల్లే. పాతరీలు గారు అడిగిన మర్యాద కూడా అక్కడి నుంచే వచ్చింది. బయటివాడు ఎదురుగా నిలబడి అడిగితే మనుషులు జాగ్రత్తపడతారు. మన పిల్లే కదా అనుకుంటే నోరు విప్పుతారు. దక్షిణాదిలో ఇలాగే ఉంటుందమ్మా అని ఎంతో ఆప్యాయంగా చెబుతారు. ఆ ఆప్యాయతే చూసేవాడి గొంతులో అడ్డం పడుతుంది. కాబట్టి నా జవాబు: బలమే.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతిలో తీసినది ‘టూ టౌన్స్ ఆఫ్ జాస్పర్’. 2002 నాటిది, పీబీఎస్ ‘పీవోవీ’లో వచ్చింది. 1998 జూన్‌లో టెక్సస్ రాష్ట్రంలోని జాస్పర్‌లో జేమ్స్ బర్డ్ అనే నల్లజాతి వ్యక్తిని ముగ్గురు తెల్లవాళ్లు ట్రక్కుకు గొలుసుతో కట్టి ఈడ్చి చంపారు. ఆ విచారణల కాలంలో ఊరిని చిత్రించడానికి ఇద్దరు దర్శకులు పని పంచుకున్నారు. విట్నీ డౌ తెల్లవాడు, తెల్ల సిబ్బందితో తెల్లవారి ఇళ్లకు వెళ్లాడు. మార్కో విలియమ్స్ నల్లజాతి వాడు, నల్లజాతి సిబ్బందితో నల్లవారి దగ్గరికి వెళ్లాడు. తెల్లవారు ఉదయం ఫలహారం దగ్గర మాట్లాడుకున్నవి ఒకటి, నల్లవారు క్షౌరశాలలో, చర్చిలో మాట్లాడుకున్నవి ఒకటి. ఒకే హత్య, అవే తీర్పులు, రెండు ఊళ్లు.

జాస్పర్ శ్మశానంలో తెల్లవారి సమాధులకు, నల్లవారి సమాధులకు నడుమ ఇనప కంచె ఉండేది. హత్య జరిగాక, 1999 జనవరిలో, అందరూ కలిసి దాన్ని తీసేశారు. తర్వాత బర్డ్ సమాధిని దుండగులు పాడుచేయడంతో ఆ ఒక్క సమాధి చుట్టూ కొత్త కంచె వేయవలసి వచ్చింది.

కృష్ణాతీరం | ఆదివారం, ఉదయం 7:45

జాస్పర్ సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక మాట అనకుండా ఉండలేను. కార్తీక మాసం వస్తే మన దగ్గర వనభోజనాలు ఎవరి కులానికి వాళ్లు పెట్టుకుంటారు. పత్రికల్లో ఫొటోలు వస్తాయి, నాయకులు వెళ్లి ప్రసంగాలు చేస్తారు. ఎవరినీ రావద్దని ఎక్కడా రాసి ఉండదు. మొబీల్ వాళ్లను ఏమీ అనే ముందు ఇది గుర్తొచ్చింది.

ఎర్రమట్టి | ఆదివారం, ఉదయం 8:20

చూశారా, చివరికి ఇక్కడికే వస్తుందని నాకు తెలుసు.

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 9:00

వనభోజనాల ప్రస్తావన సమంజసమే, తీసేయడం లేదు. దాని మీద వాదించుకోవాలంటే వేరే దారం తెరవండి, నేనూ వస్తాను. ఇక్కడ అమెరికా సినిమాల దగ్గరే ఉందాం. పోయిన నెల ఇదే దారిలో వెళ్లి నలభై జవాబుల తర్వాత సినిమా పేరే మర్చిపోయాం.

అట్లాంటా అరవింద | ఆదివారం, ఉదయం 10:35

నేను ఉంటున్నది జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీ. అట్లాంటాకు ఉత్తరాన ఉంటుంది. మా వీధిలో సగం ఇళ్లలో తెలుగు వినిపిస్తుంది. సంక్రాంతికి ముగ్గులు, బతుకమ్మ, గణేశ నిమజ్జనం అన్నీ ఉన్నాయి. ఇల్లు కొన్నప్పుడు మంచి బళ్లు, మంచి పరిసరాలు అని చెప్పారు. ఈ ఊరి పాత కథ ఎవరూ చెప్పలేదు.

1912లో ఒక తెల్ల యువతి హత్య తర్వాత ఇక్కడ ఒకరిని మూక చంపింది, ఇద్దరు నల్లజాతి కుర్రవాళ్లకు ఉరి వేశారు. ఆ తర్వాత రాత్రిపూట గుర్రాల మీద తిరిగే ముఠాలు కౌంటీలో ఉన్న నల్లజాతి వారందరినీ, సుమారు 1,100 మందిని, తరిమేశాయి. డెబ్బై ఏళ్లకు పైగా ఇది తెల్లవారి కౌంటీగానే నిలిచింది. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో చిన్న బృందం శాంతియాత్రగా వస్తే రాళ్లూ సీసాలూ విసిరారు. వారం తిరిగేసరికి 20,000 మంది నడిచారు. తర్వాతి నెల ఓప్రా విన్‌ఫ్రీ తన టీవీ కార్యక్రమాన్ని ఇక్కడి కమింగ్ పట్టణంలోనే జరిపింది. ప్రేక్షకులుగా స్థానికులను మాత్రమే కూర్చోబెట్టారు. స్థానికులంటే తెల్లవాళ్లే కదా. బయట నిరసన తెలిపిన విలియమ్స్‌ను అరెస్టు చేశారు.

ఇదంతా నాకు ‘బానిష్డ్’ చూశాకే తెలిసింది. పైన చెప్పిన మార్కో విలియమ్స్ తీసిందే, 2007 నాటిది. ఫోర్సైత్‌తో పాటు మిసూరీలోని పియర్స్ సిటీ, ఆర్కన్సాలోని హారిసన్ కూడా ఉన్నాయి అందులో. పియర్స్ సిటీలో 1901లో నల్లవారిని వెళ్లగొట్టారు. అక్కడ మిగిలిపోయిన పూర్వీకుడి అస్థికలను తమ ఊరికి తీసుకుపోవాలని వారసులు వస్తారు. ఖర్చు ఊరు భరించాలని వాళ్ల మాట. ఊరి పెద్దలు ఎంతో గౌరవంగా మాట్లాడతారు, డబ్బు మాత్రం ఇవ్వరు.

బిళ్లగన్నేరు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

అరవింద గారూ, పాతరీలు గారి మొదటి ప్రశ్నకు అసలు జవాబు మీరు చెప్పిన పియర్స్ సిటీలో దొరికింది. మర్యాదకు ఒక ధర ఉంది. ఆ ధర అడగనంతవరకు అందరూ బాగుంటారు.

మొబీల్‌కే మళ్లీ వద్దాం. 2007లో రెండు జంటల రాజులు, రాణులు ఒకరి వేడుకకు ఒకరు వెళ్లి వచ్చారు. అందరూ నవ్వారు, ఫొటోలు దిగారు. పదిహేనేళ్ల తర్వాత అదే దర్శకురాలు ‘డిసెండెంట్’ తీసింది. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఈసారి కథ ఆఫ్రికాటౌన్‌ది. క్లోటిల్డాలో వచ్చినవాళ్లు బానిసత్వం రద్దయ్యాక ఇంటికి తిరిగి వెళ్లే దారిలేక, మేహెర్‌ను భూమి అడిగారు. ఇవ్వలేదు. కూలి చేసి కూడబెట్టి కొనుక్కుని మొబీల్ పక్కనే ఊరు కట్టుకున్నారు. వాళ్లలో కజో లూయిస్ 1935 దాకా బతికాడు. రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1927లో వెళ్లి ఆయన మాటలు రాసుకుంది. ఆ పుస్తకం అచ్చయింది 2018లో! మరుసటి ఏడాది, 2019 మే నెలలో, మొబీల్ నదిలో దొరికిన శిథిలం క్లోటిల్డాదేనని అలబామా చారిత్రక సంఘం ప్రకటించింది.

ఓడ దొరికింది, సాక్ష్యం దొరికింది. అప్పుడు వచ్చిన ప్రశ్నలు పండుగ గురించి కావు. ఆఫ్రికాటౌన్ చుట్టూ ఫ్యాక్టరీలు ఎవరి భూముల్లో వచ్చాయి, ఆ కాలుష్యానికి ఎవరు జవాబుదారీ, వారసులకు ఏమి రావాలి. మొదటి సినిమాలో రాణిగా కెమెరా ముందు తిరిగిన కుటుంబం రెండో సినిమాలో మాట్లాడటానికి రాలేదు. ఆ చుట్టుపక్కల మేహెర్ పేరుతో ఒక స్టేట్ పార్కు మాత్రం ఉంది.

పాతరీలు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇలా రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తట్టలేదు. వచ్చే వారం ‘డిసెండెంట్’ మళ్లీ చూస్తాను.

ఒక్క మాట చేర్చాలి. మొదటి సినిమాకు పేరిచ్చిన ‘ఆర్డర్ ఆఫ్ మిత్స్’ 1867లో, అంటే అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్లకు పుట్టిన సంఘం. వాళ్ల శకటం మీద విరిగిన స్తంభం ఉంటుంది. దాని చుట్టూ మృత్యువు వేషగాణ్ణి విదూషకుడు తరుముతూ, గాలి ఊదిన పంది మూత్రాశయాలతో బాదుతుంటాడు. విరిగిన స్తంభం ఓడిపోయిన దక్షిణాదికి గుర్తని కొందరంటారు. అబ్బే, మనిషి ఆయుష్షుకు గుర్తు అని సంఘం అభిమానులు. పిల్లలకు మాత్రం ఆ బాదుడే పండుగ.

ఎర్రమట్టి | ఆదివారం, సాయంత్రం 5:05

బిళ్లగన్నేరు గారి వాదన బలంగా ఉంది. ఒప్పుకుంటున్నానని కాదు. ‘భూమి అడిగితే మర్యాద పోతుంది’ అనేది జాతితో పనిలేని విషయం. అన్నదమ్ముల మధ్య కూడా అంతే. దాన్ని మార్డి గ్రా మీద ఎందుకు రుద్దాలి? టీచరు ఉద్యోగం చేసుకునే ఆ రాణి తన కిరీటాన్ని చూసి మురిసిపోయింది. ఆ ఆనందాన్ని మీ వాదనకు బలి ఇవ్వకండి.

రమణి టీచరు | ఆదివారం, సాయంత్రం 6:40

ఎర్రమట్టి గారూ, ఆ ఆనందాన్ని ఎవరూ కాదనలేదండీ. 2013లో జార్జియాలోని విల్కాక్స్ కౌంటీలో ఆడపిల్లలు కొందరు కలిసి, పెద్దల సాయం కోసం చూడకుండా, చందాలు పోగుచేసి తమ ఊరికి మొదటి ఉమ్మడి ప్రామ్ జరుపుకున్నారు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ విడి ప్రామ్‌లు ఉండేవి, రెండింట్లోనూ పిల్లలు ఆనందంగానే ఉండేవాళ్లు. అయినా ఆ పిల్లలకు అది చాలలేదు. స్నేహితురాళ్లు ఒకే గదిలో ఫొటో దిగాలనుకున్నారు. వాళ్లు ఎవరి భూమినీ అడగలేదు. అయినా అదే ఏడాది తెల్ల పిల్లలకు విడి ప్రామ్ జరిగింది.

అట్లాంటా అరవింద | ఆదివారం, రాత్రి 9:15

నల్లకోటు గారికి ఒక ప్రశ్న. 1912లో వెళ్లగొట్టినవాళ్లలో సొంత భూములున్నవాళ్లు ఉన్నారు. కొందరు అయినకాడికి అమ్ముకుని పోయారు, కొందరు అమ్మకుండానే ప్రాణాలు దక్కించుకుని పోయారు. అమ్మకుండా వదిలిన భూమి తర్వాతి వాళ్ల పేరు మీదికి చట్టప్రకారం ఎలా వచ్చింది? సినిమాలో ఈ భాగం త్వరగా దాటిపోయింది.

నల్లకోటు | ఆదివారం, రాత్రి 10:50

ప్రతికూల స్వాధీనం. మన దగ్గరా ఈ సూత్రం ఉంది, ప్రైవేటు భూమికి పన్నెండేళ్లు. జార్జియాలో ఇరవై ఏళ్లు. ఏదో ఒక రాతపత్రం చేతిలో ఉంటే, దానికి లోపం ఉన్నా సరే, ఏడేళ్లు చాలు. ఆక్రమించినవాడు బహిరంగంగా, అడ్డు లేకుండా అనుభవించాలి, అసలు యజమాని గడువులోగా దావా వేయకపోవాలి. తుపాకీ చూపించి తరిమినవాడి ఊరికి తిరిగి వెళ్లి, అతని బంధువులే కూర్చున్న జ్యూరీ ముందు దావా వేయడం 1910లలో ఎవరి తరమూ కాదు. ఇరవై ఏళ్ల లెక్క వేసుకున్నా ఫోర్సైత్‌లో గడువు 1932 నాటికి తీరిపోయింది. హోసియా విలియమ్స్ యాత్ర తర్వాత భూముల సంగతి పైకి వచ్చినప్పుడు ఎదురైన గోడ ఇదే.

ఇంకో విషయం. మీ ఇంటి దస్తావేజుల వరుస, అంటే ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందన్నది, కౌంటీ రికార్డుల్లో ఎవరైనా చూడవచ్చు. 1912 దాకా వెనక్కి వెళ్లాలంటే కౌంటీ కోర్టు క్లర్కు కార్యాలయంలో పాత సంపుటాలు అడగాలి. అమ్మినవారి పేర్ల సూచిక, కొన్నవారి పేర్ల సూచిక విడివిడిగా ఉంటాయి. ఒక పేరు కొన్నవారి సూచికలో ఉండి, అమ్మినవారి సూచికలో, వీలునామాల్లో ఎక్కడా లేకపోతే, అక్కడ ఆగి చూడండి.